రక్తాక్షి నాటి ఉప్పెన: ఒక వెతుకులాట, నోటుబుక్కులోంచి

నేను కృష్ణా జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని బాగా తగ్గిపోయింది. ఇప్పుడు నా రోజులో సగం "మేడమ్, ఎంత వెతికినా దొరకట్లేదు" అంటూ ఫోన్ పట్టుకొచ్చే వాళ్ల పక్కన కూర్చోవడానికే సరిపోతుంది. ఏం కొట్టాం, ఏం వచ్చింది, ఎక్కడ తప్పాం అన్నది ఒక లాంగ్ నోటుబుక్కులో రాసుకోవడం అలవాటు. చాలా కేసులు అరపేజీలో అయిపోతాయి. ఈ కేసు పద్నాలుగు పేజీలు తిన్నది. అందులో మొదటి ఆరు పేజీలు నేను చేసిన తప్పులే. వాటిని దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే అవే తప్పులు రోజూ అందరూ చేస్తుంటే చూస్తున్నాను.

వచ్చినాయన రిటైరైన స్కూలు మాస్టారు. వయసు డెబ్బై దాటింది. ఊరు గుడివాడ వైపు. పాత విద్యార్థి ఒకరు మా కాలేజీలో పనిచేస్తుండటంతో నా దగ్గరికి వచ్చారు. కూర్చోగానే విషయం చెప్పారు.

"అమ్మాయ్, మా ముత్తాతగారి తండ్రి బందరు దగ్గర సముద్రం పక్క పల్లెలో ఉండేవాడట. రక్తాక్షి ఉప్పెనకి ఇంట్లో వాళ్లందరూ పోయారు. ఈయన ఒక్కడూ ప్రాణాలతో బయటపడి ఇటు నడిచి వచ్చాడట. మా నాయనమ్మ చెప్పేది. ఆ ఉప్పెన గురించి ఎక్కడైనా రాసి ఉందా? నెల్రోజులుగా ఫోన్లో వెతుకుతున్నాను. ఎటు తిప్పినా దివిసీమే వస్తోంది."

ఆయన ఫోన్ తీసుకుని పాత సెర్చ్‌లు చూశాను. ఇది నేను తప్పకుండా చేసే పని. మనిషి నోటితో చెప్పే ప్రశ్న ఒకటుంటుంది, పెట్టెలో కొట్టిన ప్రశ్న ఇంకొకటుంటుంది. మాస్టారు మైకు నొక్కి మాట్లాడారు. "బందరులో మా పూర్వీకుల కాలంలో వచ్చిన రక్తాక్షి ఉప్పెన ఏ సంవత్సరంలో వచ్చింది" అని ఒకటి. "రక్తాక్షి ఉప్పెన చరిత్ర చెప్పండి" అని ఇంకొకటి. ఆ "చెప్పండి" చూసి నవ్వొచ్చింది. క్లాసులో పిల్లవాణ్ని నిలబెట్టి అడిగినట్టే అడిగారు. వచ్చిన ఫలితాల్లో మొదటి వరస మొత్తం 2021లో వచ్చిన "ఉప్పెన" సినిమా పాటలు. వాటి కింద 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మీద వ్యాసాలు, ఏటా ఆ తేదీకి పేపర్లు వేసే జ్ఞాపకాలు.

ముందు సంవత్సరం తేల్చుకోవాలి

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 1984-85 రక్తాక్షి. దానికి ముందు 1924-25, అంతకు ముందు 1864-65. 1984లో మాస్టారు స్వయంగా పాఠాలు చెబుతున్నారు. 1924 అయితే నాయనమ్మ కళ్లతో చూసి ఉండేది, విన్న కథగా చెప్పేది కాదు. ముత్తాత తండ్రి అంటే నాలుగు తరాల వెనక. కాగితం మీద వయసులు వేసుకుంటే 1864 ఉగాది నుంచి 1865 ఉగాది లోపు అని తేలింది. పది నిమిషాల పని.

మాస్టారికి ఈ లెక్క తెలియక కాదు, నాకన్నా బాగా తెలుసు. కానీ సెర్చ్ పెట్టె ఎదురుగా ఉంటే, మన తలలో ఉన్నది కూడా దాన్నే అడగాలనిపిస్తుంది. రక్తాక్షి అన్న మాట ఆ ఇంటి మాట. ఎక్కడో ఇంగ్లిష్‌లో అచ్చయిన పేజీలో ఆ మాట ఎందుకుంటుంది?

ఇంతవరకు బాగానే చేశాను. తప్పులు ఇక్కడి నుంచి.

నా ఆరు పేజీలు

ఇంగ్లిష్‌లో "1864 ఇండియా సైక్లోన్" అని కొట్టాను. దిట్టంగా ఫలితాలు వచ్చాయి. అక్టోబరు 5, పెద్ద తుఫాను, అరవై వేల మంది చనిపోయినట్టు అంచనా. సంవత్సరం సరిపోయింది, విషయం సరిపోయింది, రక్తాక్షి సంవత్సరంలోనే పడింది. "దొరికింది మాస్టారూ" అని స్క్రీన్ ఆయన వైపు తిప్పాను కూడా. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, "ఇది కలకత్తా కదమ్మా" అన్నారు.

నిజమే. 1864లో బంగాళాఖాతంలో నెల తేడాతో రెండు ఉప్పెనలు వచ్చాయి. అక్టోబరు 5న కలకత్తా మీద, నవంబరు 1 రాత్రి బందరు మీద. కలకత్తా అప్పటి రాజధాని. దాని మీద గ్యాస్ట్రెల్, బ్లాన్‌ఫర్డ్ కలిసి పెద్ద నివేదిక రాశారు. 1875లో మన వాతావరణ శాఖ ఎలా పుట్టిందో చెప్పే ప్రతి వ్యాసమూ 1864 కలకత్తా తుఫానుతోనే మొదలవుతుంది. ఎక్కువ మంది రాసినది, ఎక్కువ మంది లింకు ఇచ్చినది సెర్చ్ ఇంజిన్లో పైకి తేలుతుంది. బందరు ఉప్పెన ఆ నీడలో ఉండిపోయింది. నేను దేశం పేరు, సంవత్సరం, సైక్లోన్ అని మూడు పెద్ద మాటలు ఇచ్చాను. ఆ మూడింటికీ బాగా సరిపోయే పేజీలే అది ఇచ్చింది. దాని తప్పేం లేదు.

తర్వాత తెలుగులోకి వచ్చాను. "బందరు ఉప్పెన 1864". మళ్లీ సినిమా. సినిమాని తీసెయ్యడానికి మైనస్ గుర్తు వాడాను. మైనస్‌కీ మాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు, ఉంటే పనిచేయదు. మైకులో మాట్లాడేవాళ్లకు ఈ సౌకర్యం దొరకదు, వేలితో కొట్టాల్సిందే. మైనస్ సినిమా, మైనస్ పాట, మైనస్ సాంగ్స్ అని పెడితే పాటలు పోయి దివిసీమ మిగిలింది. మైనస్ దివిసీమ అంటే దివిసీమతో పాటు, "దివిసీమ కన్నా ముందు 1864లో కూడా" అని ఒక్క వాక్యం రాసిన మంచి పేజీలు కూడా పోతాయి. అందుకని మైనస్‌ని పొదుపుగా వాడాలి. సినిమాని తీసెయ్యడం క్షేమం. మనకు కావలసిన దానికి చుట్టంలాంటి విషయాన్ని తీసెయ్యడం క్షేమం కాదు.

కొటేషన్ గుర్తులతో ఇంకో తంటా. "బందరు ఉప్పెన" అని గుర్తుల మధ్య పెడితే ఆ రెండు మాటలూ అదే రూపంలో, పక్కపక్కన ఉన్న పేజీలే కావాలని అర్థం. ఇంగ్లిష్‌లో ఊరి పేరు ఎక్కడ రాసినా ఒకేలా ఉంటుంది. తెలుగులో అది బందరులో, బందరుకు, బందరును, బందరుపై అంటూ రంగు మారుస్తూ పోతుంది. సెర్చ్ ఇంజిన్లు ఇంగ్లిష్‌లో ఏకవచనం, బహువచనం కలిపి చూసినంత బాగా తెలుగు విభక్తులను కలిపి చూడవని నా అనుభవం. కాబట్టి తెలుగులో కొటేషన్ పెట్టేటప్పుడు వాక్యంలో ఆ మాట ఏ రూపంలో వస్తుందో ఊహించి ఆ రూపమే పెట్టాలి. "బందరులో ఉప్పెన", "బందరును ముంచిన" అన్నట్టు. ఊరికి మూడు పేర్లుండటం ఇంకో చిక్కు: బందరు, మచిలీపట్నం, మచిలీబందరు. ఉప్పెనకు కూడా అంతే. తుఫాను, తుపాను, తుఫాన్, గాలివాన. గాలివాన అని కొట్టి చూశాను. ఆ పేరుతో ఉన్న ప్రసిద్ధమైన తెలుగు కథ ముందుకొచ్చింది. కథ మంచిదే. సాయంత్రం నాలుగున్నర అయింది, మాస్టారికి బస్సు టైమైంది.

మూడో పేజీలో ఇంకో అవమానం రాసి ఉంది. లైబ్రరీలో పార్ట్‌టైమ్ చేసే ఒక విద్యార్థి, "మేడమ్, ఫలానా తేదీకి ముందు అని ఆపరేటర్ ఉంది కదా, 1900కి ముందువి మాత్రమే చూపించమందాం" అన్నాడు. ఆ పిల్లవాడి ముందు తెలివి తక్కువగా కనిపించకూడదని నేను కూడా కొట్టాను. పనికొచ్చేది ఏమీ రాలేదు. ఆ ఆపరేటర్, అంటే సెర్చ్ మాటల పక్కన తగిలించే ఆ ఆదేశం, చూసేది పేజీ వెబ్‌లోకి వచ్చిన తేదీని, జరిగిన సంఘటన తేదీని కాదు. 1900కి ముందు వెబ్ ఎక్కడుంది? మొన్నటి వార్త వెతకడానికి అది బంగారంలాంటి ఆపరేటర్. నూట అరవై ఏళ్ల కిందటి విషయానికి కాదు. అదే తేదీ హద్దు గూగుల్ బుక్స్‌లో పెడితే మాత్రం అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ అది పుస్తకం అచ్చయిన సంవత్సరం. ఆ తేడా నాకు ఆ రోజు తట్టలేదు, రెండో రోజు తట్టింది.

ఒక సెర్చ్ ఇంజిన్ ఫలితాల పైన ఏఐ సారాంశం కూడా వేసింది. నాలుగు వాక్యాలు, చక్కని తెలుగు. అందులో 1864 బందరుకు దివిసీమలో మునిగిన ఊళ్ల పేర్లు తగిలించింది. మాస్టారు అది చదివి, "వీడెవడో సొంతంగా రాశాడమ్మా, చూసి రాయలేదు" అన్నారు. నలభై ఏళ్లు ఆన్సర్ షీట్లు దిద్దిన మనిషి, కాపీ కొట్టినవాణ్నీ కల్పించినవాణ్నీ వాసన పట్టేస్తారు. అప్పటి నుంచి ఆ సారాంశాన్ని నేను చదవను అనను గానీ, అందులో ఉన్న పేర్లను తరువాతి సెర్చ్‌కు దారంగా వాడుకుంటాను తప్ప జవాబుగా తీసుకోను. గూగుల్‌లో ఫలితాల పైన వరసలో "వెబ్" అన్న ట్యాబ్ 2024 నుంచి ఉంది. అది నొక్కితే ఆ హంగులన్నీ పోయి పాతకాలపు లింకులు మాత్రం మిగులుతాయి. చాలామందికి అది ఉందని తెలియదు.

ఎవరు రాసి ఉంటారు?

రెండోసారి మాస్టారు వచ్చినప్పుడు కంప్యూటర్ ఆన్ చేయలేదు. తెల్లకాగితం మీద నిలువుగా గీత గీశాను. ఎడమ పక్క మన మాటలు రాయమన్నాను: బందరు, ఉప్పెన, రక్తాక్షి, కృష్ణా జిల్లా, ముత్తాత. కుడి పక్క రాసే ముందు ఆయన్ని అడిగాను. "మాస్టారూ, ఆ రోజుల్లో ఈ ఉప్పెన గురించి కలం పట్టి రాసే పని ఎవరికుంటుంది?"

ఆయన ఆలోచించి, "కలెక్టరు దొర పైకి రాయాలి" అన్నారు. "మిషనరీలు వాళ్ల దేశానికి రాస్తారు. నోబుల్ దొర స్కూలు బందరులోనే కదా." 1843లో రాబర్ట్ నోబుల్ అక్కడ స్కూలు పెట్టాడు, అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఉప్పెన నాటికి ఆయన బందరులోనే ఉన్నాడు, మరుసటి ఏడాది అక్కడే పోయాడు. ఓడల కెప్టెన్లు రాస్తారు, వాతావరణం లెక్కలు రాసేవాళ్లు రాస్తారు అని నేను కలిపాను. వీళ్లలో ఎవరూ బందరు అని రాయరు. ఉప్పెన అని అసలే రాయరు.

కుడి పక్క నిండటం మొదలైంది. ఊరు: ఇంగ్లిష్‌లో మసులిపటం. "టి" తర్వాత ఎన్ ఉన్నదీ లేనిదీ రెండు రకాలు. బందరును కొందరు బండర్ అని కూడా రాసేవాళ్లు. జిల్లా: కృష్ణాను ఇప్పటి మాదిరి కాదు, కె ఐ ఎస్ టి ఎన్ ఎ అని, కిస్ట్నా అంటారు. 1859లో మసులిపటం, గుంటూరు జిల్లాలు కలిపి ఆ పేరు పెట్టారు. విషయం: ఇవాళ్టి వాతావరణ శాస్త్రవేత్తలు స్టార్మ్ సర్జ్ అంటున్నారు. 1864లో ఆ మాట వాడరు. స్టార్మ్ వేవ్ అనేవాళ్లు. ఇనండేషన్ అనేవాళ్లు. గేల్ అనేవాళ్లు, హరికేన్ అనేవాళ్లు. సైక్లోన్ అన్న మాట కొత్తగా వచ్చింది. దాన్ని పుట్టించిన పిడింగ్టన్ కలకత్తాలో పనిచేసినవాడు, కోరంగి ఉప్పెన మీద కూడా రాసినవాడే.

కాగితం చూసి మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నెల్రోజులుగా నేను మా నాయనమ్మ భాషలో దొరని ప్రశ్నలేస్తున్నాను" అన్నారు.

కేసు మొత్తం నాకు ఈ ఒక్క మాటలో ఉంది. ఆరు పేజీల్లో నేను చేసిన తప్పు కూడా ఇదే, కాకపోతే నాది 2020ల నాటి ఇంగ్లిష్. మనం ప్రశ్న కొడుతున్నాం. పెట్టెలో కొట్టాల్సింది జవాబులో ఉండే మాటలు. జవాబు ఇదివరకే ఎవరో ఒకరు తమ భాషలో, తమ కాలపు స్పెల్లింగుతో రాసేశారు. వాళ్లెవరో ఊహించుకుని, వాళ్ల కలంలోంచి వచ్చే రెండు మూడు మాటలు పట్టుకోవాలి.

ఇంగ్లిష్‌లో మసులిపటం, కొటేషన్లలో స్టార్మ్ వేవ్, పక్కన 1864. ఎంటర్.

మొదటి పేజీలోనే దొరికింది. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా, కాపీరైటు తీరిపోయి వెబ్‌లో ఉన్నది. మసులిపటం గురించి చిన్న వ్యాసం. 1864లో పెద్ద స్టార్మ్ వేవ్ ఊరంతటినీ ముంచేసిందని, ముప్పై వేల ప్రాణాలు పోయాయని చెబుతారని ఒక వాక్యం. మాస్టారు ఆ వాక్యం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు. నేను బయటికి వెళ్లి టీ చెప్పి వచ్చాను.

పుస్తకాల లోపలికి

ఒక వాక్యంతో ఆయనకు సరిపోలేదు. నాకూ సరిపోలేదు. ఆ వాక్యం ఎక్కడ నుంచి వచ్చిందో చూడాలి. పాత కలెక్టర్ల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలకు మాన్యువల్ అని ఒక్కో పెద్ద పుస్తకం రాసేవాళ్లు. కృష్ణాది గోర్డన్ మెకంజీ రాశాడు, 1883లో మద్రాసులో అచ్చయింది. ఈ పేరు నాకు సెర్చ్ చేస్తే తెలిసింది కాదు, లైబ్రరీ చదువులో తెలిసింది. ఇలాంటి ఒక్క పుస్తకం పేరు తెలిస్తే వంద సెర్చ్‌లు మిగులుతాయి. పేరు తెలియని వాళ్లు "కిస్ట్నా డిస్ట్రిక్ట్ మాన్యువల్" అని కొట్టినా అది వస్తుంది. కావలసిన విషయం కోసం కాకుండా, ఆ విషయం ఉండే పుస్తకం కోసం ముందు వెతకడం అన్నమాట.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సెర్చ్ పెట్టె కింద రెండు దారులుంటాయి. ఒకటి పుస్తకం పేరు, రచయిత లాంటి వివరాల్లో వెతికేది. రెండోది పుస్తకం లోపలి అక్షరాల్లో వెతికేది. మామూలుగా మొదటిదే ఉంటుంది. చాలామంది అక్కడ ఉప్పెన అని కొట్టి, ఏమీ లేదని వెళ్లిపోతారు. రెండోదానికి మార్చుకుంటే మిషనరీ పత్రికలు, నావికుల పుస్తకాలు, ప్రయాణాల పుస్తకాలు బయటికొస్తాయి.

అయినా ఒక తిరకాసు ఉంది. స్కాన్ చేసిన పేజీని కంప్యూటర్ చదివి అక్షరాలుగా మార్చేటప్పుడు పొరబడుతుంది. మసులిపటం పొడుగాటి మాట. లైను చివర వస్తే అచ్చులో "మసులి" ఒక లైనులో, చిన్న గీత తర్వాత "పటం" కింద లైనులో పడుతుంది. అప్పుడు మొత్తం మాట కొట్టినా దొరకదు. అందుకే ఊరి పేరు వదిలేసి, స్టార్మ్ వేవ్ తో పాటు కిస్ట్నా అనీ, నోబుల్ అనీ, నవంబర్ 1864 అనీ మార్చి మార్చి కొట్టాను. ఒక పేజీలో మూడు మాటలుంటే అందులో ఒకటి చెడినా రెండోది పట్టిస్తుంది.

తెలుగు పుస్తకాల సంగతి వేరే కథ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చిన వేల తెలుగు పుస్తకాలు ఆర్కైవ్‌లో ఉన్నాయి. కానీ వాటి పేర్లు తెలుగు లిపిలో లేవు, మనం అనుకునే ఇంగ్లిష్ స్పెల్లింగులోనూ లేవు. ఎవరో కంప్యూటర్ కోసం తయారు చేసిన లిప్యంతరీకరణ పద్ధతిలో ఉన్నాయి. కృష్ణ అన్న పేరును కె ఆర్ తర్వాత ఎక్స్ వేసి రాసినవి చూసి మొదట అచ్చుతప్పు అనుకున్నాను. అది తప్పు కాదు, ఋకారం. ఇలాంటివాటికి ఉపాయం ఒక్కటే. తెలిసిన ఒక పుస్తకం ఎలా నమోదైందో చూసి, ఆ పద్ధతిలోనే మనకు కావలసిన మాట రాసుకుని కొట్టడం. లోపలి అక్షరాల్లో వెతకడం తెలుగులో చాలా పుస్తకాలకు ఇంకా నమ్మకంగా పనిచేయదు. పైగా పాత అచ్చులో బండి ర ఉంటుంది, చెఱువు కఱవు అని. మనం మామూలు ర కొడితే అవి అసలు కంటపడకపోవచ్చు. నేను రెండు మధ్యాహ్నాలు దీనికి పెట్టి, మాస్టారికి పనికొచ్చే తెలుగు పుట ఒక్కటీ తేలేకపోయాను. ఉండే ఉంటుంది. వెబ్‌లో లేదని కాదు, నా చేతికి రాలేదని నోటుబుక్కులో రాసుకున్నాను.

పత్రికల కోసం ఆస్ట్రేలియా వెళ్లాం. ఇది మాస్టారికి బాగా నచ్చిన మలుపు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం పాత పత్రికలెన్నో స్కాన్ చేసి ట్రోవ్ అన్న పేరుతో ఉచితంగా పెట్టింది. ఆ కాలంలో ఓడల్లో వచ్చే టపా నుంచి భారతదేశపు వార్తలు తీసి అక్కడి పత్రికలు మళ్లీ అచ్చువేసేవి. బందరు ఉప్పెన కబురు మెల్‌బోర్న్, సిడ్నీల దాకా వెళ్లింది. 1864 నవంబరు నుంచి 1865 జూన్ దాకా తేదీలు పెట్టి వెతికాం. మన ఊరి వార్త దొరికే చోటు ఏడు సముద్రాల అవతల అని ఆయన ఇంటికెళ్లి మనవరాలికి కూడా చెప్పారట.

ముప్పై వేలు

మూడో సిట్టింగ్‌లో మాస్టారు ఒక పేజీ రాసుకొచ్చారు. మొదటి వాక్యం: "1864లో మచిలీపట్నం పట్టణంలో ముప్పై వేల మంది చనిపోయారు." నాకు అక్కడ ఆగాలనిపించింది.

వెబ్‌లో ఈ ముప్పై వేలు ఎన్నో చోట్ల కనిపిస్తుంది. ఎన్ని చోట్ల కనిపించినా ఒకళ్ల దాంట్లోంచి ఇంకొకళ్లు ఎత్తి రాసుకున్నదైతే, అది ఒక్క చోట ఉన్నట్టే లెక్క. ఇది తెలుసుకోవడానికి నేను చేసే పని చిన్నది. అంకె చుట్టూ ఉన్న అయిదారు మాటలను అలాగే కొటేషన్లలో పెట్టి కొడతాను. అదే వాక్యం అదే వరసలో పది చోట్ల వస్తే అవి పది సాక్ష్యాలు కాదు, ఒక సాక్షి పది ఫోటోలు. ఇక్కడ అదే జరిగింది. బ్రిటానికాలోని "చెబుతారు" అన్న మాట కాపీ కొట్టేవాళ్ల చేతుల్లో దారిలోనే రాలిపోయింది.

తర్వాత జనాభా. 1901 జనాభా లెక్కల్లో మసులిపటం ఊరి జనాభా ముప్పై తొమ్మిదిన్నర వేలు. ఉప్పెన తర్వాత దాదాపు నలభై ఏళ్లకు అది. ఊళ్లోనే ముప్పై వేలు పోతే ఊరే మిగలదు. కాబట్టి ఆ అంకె ఊరితో పాటు చుట్టుపక్కల పల్లెలను కూడా కలుపుకున్నదే అయి ఉండాలి. మాస్టారి పూర్వీకుడి పల్లె లాంటివన్నీ అందులో ఉండి ఉంటాయి. ఆయన తన వాక్యాన్ని "బందరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి ముప్పై వేల మంది పోయారని చెబుతారు" అని దిద్దుకున్నారు. ఎర్ర ఇంకుతోనే దిద్దుకున్నారు, పాత అలవాటు.

పుస్తకాల్లో ఆ పల్లె పేరు మాత్రం దొరకలేదు. దాన్ని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో కాగితం మీద వేస్తే తొమ్మిది స్పెల్లింగులు తేలాయి. తొమ్మిదీ కొట్టాం. ఉప్పెన దెబ్బతిన్న ఊళ్ల వివరంగా మాకు ఎక్కడా ఆ పేరు కనబడలేదు. పూర్వీకుడి పేరు గురించి నేను మొదటే ఆశ పెట్టుకోవద్దని చెప్పాను. సముద్రపు ఒడ్డున పాకలో ఉండే మనిషి పేరు ఎవరూ పుస్తకంలో వెయ్యరు.

మొత్తం మూడు సిట్టింగులు, సుమారు ఏడు గంటలు, నేను ఒంటరిగా కూర్చున్న రెండు మధ్యాహ్నాలు కాక. మొదటి మూడు గంటలు దండగ. గీత గీసిన కాగితం తర్వాత మొదటి మంచి ఫలితానికి పట్టింది అయిదు నిమిషాల లోపే.

ఈ కేసు తర్వాత లైబ్రరీలో నేను చేసిన మార్పు ఒకటుంది. కంప్యూటర్ల పక్కన వాడేసిన క్వశ్చన్ పేపర్ల వెనక వైపు కాగితాల బొత్తి ఒకటి పెట్టాను. ఎవరొచ్చినా ముందు గీత గీయిస్తాను. మొన్న ఒక సెకండియర్ అమ్మాయి "ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఎప్పుడు పడతాయి" అని కొట్టి యూట్యూబ్ థంబ్‌నెయిల్స్‌లో కొట్టుకుపోతోంది. కుడి పక్క ఎవరు రాస్తారు అంటే, సెక్రటేరియట్‌లో సెక్షన్ ఆఫీసరు రాస్తాడు. ఆయన డబ్బులు పడటం అని రాయడు. ఆర్‌టీఎఫ్ (రీయింబర్స్‌మెంట్ ఆఫ్ ట్యూషన్ ఫీ) అంటాడు, రిలీజ్ అంటాడు, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్స్ అంటాడు. ఆ మాటలు పెట్టి, ప్రభుత్వ సైట్లకే పరిమితం చేసే సైట్ ఆపరేటర్ తగిలించి, పీడీఎఫ్‌లు మాత్రమే చూపమంటే ఆర్డర్ కాపీ వచ్చింది. డబ్బులు ఎప్పుడు పడతాయో అందులోనూ లేదు, అది వేరే సంగతి.

మాస్టారు కిందటి నెల మళ్లీ వచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు రికార్డులు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయని, ఉప్పెన తర్వాత పన్నులు మాఫీ చేయమని జిల్లా నుంచి వెళ్లిన ఉత్తరాలేవైనా ఉంటే అక్కడే ఉండాలని నేను చెప్పి ఉన్నాను. అవి వెబ్‌లో వెతికితే వచ్చేవి కావు. మనిషి వెళ్లాలి, లేదా ఉత్తరం రాయాలి. ఆయన ఉత్తరం రాసుకొచ్చారు, చూడమన్నారు. పాత మాస్టారి పొందికైన ఇంగ్లిష్. అందులో నాయనమ్మ లేదు, రక్తాక్షి లేదు, ముత్తాత తండ్రి లేడు. కిస్ట్నా జిల్లా, మసులిపటం, స్టార్మ్ వేవ్, 1864 నవంబరు 1, రెవెన్యూ రెమిషన్ అని ఉంది. కింద పల్లె పేరు, తొమ్మిది స్పెల్లింగులతో.

"ఇంకో రెండు స్పెల్లింగులు నిన్న రాత్రి తట్టాయమ్మా" అని, నా పెన్ను తీసుకుని వాటిని కూడా చేర్చారు.